చెయ్యి ఆడుతున్నప్పుడే రాయవలసిన కాగితాలు

మా అమ్మ సంతకం చాలా పొందికగా ఉండేది. ఇంటిపేరు మొదటి అక్షరం, దాని పక్కన ఒక చుక్క, ఆ తరువాత పూర్తి పేరు, చివరి వత్తు కిందికి సాగి కుడివైపుకు చిన్న తోకలా తిరిగేది. పాల లెక్కల పుస్తకం మీద, కౌలు చీటీల మీద, బ్యాంకు కాగితాల మీద 30 ఏళ్ళుగా అందులో తేడా వచ్చేది కాదు. మూడేళ్ళ కిందట ఒక ఉదయం ఆమె ముందు డబ్బు తీసే ఫారం పెట్టి, ఎక్కడ సంతకం చేయాలో వేలితో చూపించాను. ఇంటిపేరు అక్షరం రాసింది. చుక్క పెట్టింది. దాని పక్కన మరో చుక్క పెట్టింది, ఆ పక్కన ఇంకొకటి. గీత చివరిదాకా చుక్కలు పెట్టుకుంటూ వెళ్ళి, పెన్ను మూత పెట్టేసి, పని పూర్తయినట్టు నా వైపు చూసింది.

ఆ రోజు నేను పెద్దగా కంగారు పడలేదు. 2021లో నాన్న పోయిన కొన్ని నెలలకు అమ్మ తనంతట తానే తెనాలి దాకా వచ్చి, పొలం కౌలుకు ఇవ్వడం మొదలుకొని బ్యాంకు లావాదేవీల వరకు తన తరఫున అన్నీ నేను చేయవచ్చని నా పేరిట జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ, అంటే జీపీఏ, రిజిస్టరు చేయించి ఉంది. ఆ జీపీఏ, అమ్మ పేరిట ఉన్న 11 లక్షల ఫిక్సెడ్ డిపాజిట్ రసీదు, ఆమెను రాత్రింబగళ్ళు కనిపెట్టుకుని ఉండే మనిషి అవసరమని నరాల డాక్టరుగారు ఇచ్చిన ఉత్తరం, మూడూ ఒక ఫైలులో పెట్టుకుని బ్యాంకుకు వెళ్ళాను. మేనేజరు మర్యాదస్తుడు. కూర్చోబెట్టి, మంచినీళ్ళు తెప్పించి, ఫైలంతా చదివి, ఎంతో మొహమాటపడుతూ చెప్పాడు: "అమ్మా, మీ అమ్మగారు తన మంచిచెడ్డలు తాను తెలుసుకునే స్థితిలో లేరని ఈ ఉత్తరంలోనే ఉందండీ. అలాంటప్పుడు ఈ జీపీఏ మీద నేను డబ్బు ఇవ్వలేను." ఏ ఉత్తరంతో అవసరాన్ని రుజువు చేయబోయానో ఆ ఉత్తరమే నా అధికారాన్ని తీసేసింది.

ఆయన చెప్పింది నిజమేనని ఆ సాయంత్రం గుంటూరులో వకీలుగారు పుస్తకం తీసి చూపించారు. 1872 నాటి భారత కాంట్రాక్టు చట్టం 201వ సెక్షన్ ప్రకారం అధికారం ఇచ్చిన మనిషి చనిపోతే జీపీఏ రద్దయినట్టే, ఆ మనిషికి మతి స్థిమితం పోయినా రద్దయినట్టే. చనిపోతే చెల్లదన్న సంగతి ఊళ్ళో అందరికీ తెలుసు. రెండో మాట నేను అడిగినవాళ్ళలో ఒక్కరికీ తెలియదు, ఆ జీపీఏ రాసిపెట్టిన దస్తావేజు లేఖరితో సహా. అమ్మకు సత్తువ ఉన్నన్నాళ్ళూ ఆ కాగితంతో నాకు పని పడలేదు. పని పడిన రోజున అది చిత్తుకాగితం.

ఈ వ్యాసంలో నేను వాదించదలచింది ఇదే. మన ఇళ్ళలో పెద్దవాళ్ళ కాగితాలు అనగానే వాళ్ళు పోయాక ఏ పొలం చెక్క ఎవరికి, ఏ గది ఎవరికి అన్న ప్రశ్న ఒక్కటే గుర్తుకు వస్తుంది. ఆ మాట ఎత్తడం అశుభమని పెద్దలూ, ఆశపడుతున్నారని అనుకుంటారేమోనని పిల్లలూ నోరు మెదపరు. వాళ్ళు బతికి ఉండగానే చెయ్యీ మాటా జ్ఞాపకమూ ఒకటొకటిగా జారిపోయే ఐదారేళ్ళు, ఒక్కోసారి పదేళ్ళు, వాళ్ళ తరఫున సంతకం ఎవరు పెట్టాలి, మందుల డబ్బు ఏ ఖాతా నుంచి రావాలి, ఆసుపత్రిలో నిర్ణయం ఎవరు చెప్పాలి అన్న ప్రశ్నలు మాత్రం ఎవరికీ తట్టవు. పోయిన తరువాతి సంగతికి చట్టంలో ఏదో ఒక దారి ఉంది. వీలునామా లేకపోయినా హిందూ వారసత్వ చట్టం ఉంది, ఫౌతీ చేయించుకోవచ్చు, అంటే పోయినవారి భూమిని వారసుల పేరిట మార్పించుకోవచ్చు, ఆలస్యమైనా తెములుతుంది. బతికున్న మనిషికి మన చట్టంలో ఆ పాటి దారి కూడా లేదు. దేశంలో 60 ఏళ్ళు దాటినవారిలో 7.4 శాతం మందికి, అంటే దాదాపు 88 లక్షల మందికి, జ్ఞాపకమూ తెలివీ క్రమంగా తగ్గిపోయే డిమెన్షియా ఉందని 2023లో వెలువడిన ఒక పెద్ద అధ్యయనం అంచనా కట్టింది. ఇన్ని లక్షల ఇళ్ళలో రేపో మాపో ఎవరో ఒకరు నాలాగే ఫైలు పట్టుకుని బ్యాంకు కుర్చీలో కూర్చోవలసిందే.

ఒకప్పుడు దారి ఉండేది. 1987 నాటి మానసిక ఆరోగ్య చట్టంలో, మతి స్థిమితం లేని మనిషి ఆస్తిని చూసేందుకు జిల్లా కోర్టు విచారణ జరిపి సంరక్షకుణ్ణో మేనేజరునో నియమించే ఒక అధ్యాయమే ఉండేది. 2017లో వచ్చిన కొత్త చట్టం రోగి హక్కుల విషయంలో ఎంతో మెరుగైనది, ఆ మాట మనస్ఫూర్తిగా ఒప్పుకుంటాను; కానీ పాత చట్టాన్ని రద్దు చేసినప్పుడు ఆ అధ్యాయం కూడా పోయింది, దాని స్థానంలో మరొకటి రాలేదు. కొత్త చట్టం కింద నియమించుకునే ప్రతినిధి వైద్యం విషయంలో మాట్లాడగలడు తప్ప డబ్బు ముట్టుకోలేడు. 1999 నాటి నేషనల్ ట్రస్ట్ చట్టం కింద కలెక్టరు అధ్యక్షత వహించే కమిటీ సంరక్షకులను నియమిస్తుంది, అది ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, బుద్ధిమాంద్యం, బహుళ వైకల్యాలు ఉన్నవారి కోసం ఏర్పడింది. ముసలితనంలో మతి తప్పినవారు దాని పరిధిలోకి రారు. మిగిలింది రాజ్యాంగం 226వ అధికరణం కింద హైకోర్టులో రిట్ వేసుకోవడం ఒక్కటే. కోమాలో ఉన్నవారి విషయంలో ఎవరిని, ఏ పద్ధతిలో సంరక్షకులుగా నియమించాలో కేరళ హైకోర్టు 2019లో మార్గదర్శకాలు ఇచ్చింది. ఇతర చోట్ల వకీళ్ళు కూడా దాన్నే చూపించి వాదిస్తున్నారు.

మేము ముగ్గురం, అంటే నేను, హైదరాబాదులో ఉన్న మా చెల్లెలు, టెక్సాస్‌లో ఉన్న తమ్ముడు, కలిసి రిట్ వేశాం. డాక్టర్ల నివేదికలు, తహసీల్దారు విచారణ, ముగ్గురి ప్రమాణ పత్రాలు అన్నీ జరిగి ఉత్తర్వు చేతికి రావడానికి 14 నెలలు పట్టింది. ఆ 14 నెలలూ అమ్మ మందులకూ, పగలొకరు రాత్రొకరు వచ్చే మనుషుల జీతాలకూ నా గాజులు తాకట్టు పెట్టాను, తమ్ముడు నెలనెలా పంపించాడు. అమ్మ డిపాజిట్ మాత్రం గడువు తీరిన రోజున దానంతట అదే మళ్ళీ ఏడాదికి రెన్యువల్ అయింది. ఆమె 40 ఏళ్ళు పాలమ్మి, మినుములు అమ్మి కూడబెట్టిన డబ్బు ఆమె పేరుతో, ఆమెకు అందకుండా, వడ్డీ పెంచుకుంటూ కూర్చుంది.

తమ్ముడు ఈ సంగతి విని చాలాసేపు నమ్మలేదు. వాడు తన ఇంటి కాగితాలు రాయించుకున్నప్పుడే, తనకు తెలివి తప్పినా చెల్లుతూనే ఉండే అధికారపత్రం ఒకటి భార్య పేరిట రాసి ఉంచాడట. అమెరికా రాష్ట్రాలన్నిటిలోనూ అది మామూలు విషయం. ఇంగ్లండులో 2005లో చేసిన చట్టం కింద ఇలాంటి పత్రాన్ని ముందుగానే ప్రభుత్వ కార్యాలయంలో రిజిస్టరు చేసి పెడతారు, దుర్వినియోగం జరిగితే విచారించే అధికారం కూడా ఆ కార్యాలయానికే ఉంటుంది. మన దగ్గర అలాంటిది పెడితే పిల్లలు ముసలివాళ్ళను దోచుకుంటారన్న భయం ఉంది. ఆ భయం తప్పు కాదు. కానీ ఇప్పుడు మాత్రం దోపిడీ ఆగిందా? మతి తప్పిన తల్లి చేత తెల్లకాగితం మీద వేలిముద్ర వేయించుకునేవాడికి ఏ చట్టమూ అడ్డం రావడం లేదు. చట్టప్రకారం నడుచుకుందామని డాక్టరు ఉత్తరం జతచేసినవాళ్ళే ఇరుక్కుంటున్నారు. 201వ సెక్షన్‌కు ఒక మినహాయింపు, దానితోపాటు ఏటా లెక్కలు అప్పగించవలసిన ఒక అధికారి, ఈ రెండూ ఉంటే చాలు. దీని కోసం ఎమ్మెల్యేలనూ ఎంపీలనూ అడిగేవాళ్ళు మనలో లేరన్నది నా బాధ. పింఛను గురించి అడుగుతాం, ఇది అడగం.

ఆ చట్టం వచ్చేదాకా ఉన్నవాటితోనే నెట్టుకురావాలి, అందుకు వీలున్న సమయం పెద్దవాళ్ళకు తెలివి స్పష్టంగా ఉన్న రోజులే. బ్యాంకు ఖాతాను నమ్మకమైన పిల్లలలో ఒకరితో కలిపి, ఇద్దరిలో ఎవరైనా డబ్బు తీయగలిగేలా ఉమ్మడి ఖాతాగా మార్చుకోవాలి. ఇక్కడ ఒక మెలిక ఉంది. ఫిక్సెడ్ డిపాజిట్‌ను అలా ఉమ్మడిగా పెట్టినా, గడువుకు ముందే తీయాలంటే మామూలుగా ఇద్దరి సంతకాలూ అడుగుతారు, ముందుగా వేరే అంగీకారం రాసి ఇచ్చి ఉంటే తప్ప. అందుకని ఒకే పెద్ద డిపాజిట్ బదులు చిన్నచిన్నవిగా, తక్కువ గడువుకు వేసి, గడువు తీరగానే డబ్బు ఉమ్మడి సేవింగ్స్ ఖాతాలో పడేలా రాసి ఇవ్వడం మేలు. పెన్ను పట్టుకోలేక పోయినా తెలివి ఉన్నవారి విషయంలో ఇంత చిక్కు లేదు. బ్యాంకుకు తెలిసిన ఇద్దరు సాక్షుల ఎదుట, అందులో ఒకరు బాధ్యత గల బ్యాంకు ఉద్యోగి అయితే, వేలిముద్ర చెల్లుతుందని రిజర్వు బ్యాంకు ఎప్పుడో చెప్పింది. నామినీ పేరు కూడా ఒకసారి తీసి చూసుకోండి. అమ్మ డిపాజిట్‌లో నామినీ నాన్న. ఆయన పోయి రెండేళ్ళయినా ఆ పేరు అలాగే ఉంది. 2025 నవంబరు 1 నుంచి బ్యాంకు ఖాతాకు నలుగురిదాకా నామినీలను పెట్టుకోవచ్చు. నామినీ అంటే వారసుడని చాలామంది అనుకుంటారు, అది నిజం కాదు: బ్యాంకు దగ్గర డబ్బు తీసుకుని అసలు వారసులకు అప్పగించవలసిన మనిషి మాత్రమే.

ఆసుపత్రి సంగతి చెప్పాలంటే నాన్న చివరి రోజుల దగ్గరికి వెళ్ళాలి. మూత్రపిండాలు పాడై, ఊపిరి అందక, వెంటిలేటరు మీద తొమ్మిది రోజులు ఉన్నారు. ఆరో రోజు రాత్రి డాక్టరు బయటికి వచ్చి, "మీలో నిర్ణయం చెప్పేది ఎవరు?" అని అడిగాడు. చెల్లెలు ఏడుస్తోంది. తమ్ముడు ఫోనులో, "అక్కా, ఏదీ ఆపొద్దని చెప్పు, ఎంతయినా పంపిస్తాను" అంటున్నాడు. నేను మౌనంగా ఉన్నాను. 50 ఏళ్ళు ఆయనతో కాపురం చేసిన అమ్మ మా పక్కనే బెంచీ మీద కూర్చుని ఉంది, ఆమెను ఎవరూ అడగలేదు. గొట్టాలతో తనను పడుకోబెట్టవద్దని నాన్న ఆమెతో పదిసార్లు అన్నారని నెలమాసికం రోజున గానీ మాకు తెలియలేదు.

ఆ మాటను ఆయన కాగితం మీద పెట్టే వీలు అప్పటికే ఉంది. కోలుకునే ఆశ లేని స్థితిలో ప్రాణాన్ని యంత్రాలతో పొడిగించవద్దని ముందుగా రాసిపెట్టుకునే హక్కును సుప్రీంకోర్టు 2018 మార్చి 9న గుర్తించింది. మొదట పెట్టిన పద్ధతిలో మేజిస్ట్రేటు సంతకం కావలసి రావడంతో అది ఆచరణలో సాగలేదు. 2023 జనవరిలో సుప్రీంకోర్టే దాన్ని సడలించి, ఇద్దరు సాక్షుల ఎదుట సంతకం చేసి నోటరీ చేతనో గెజిటెడ్ అధికారి చేతనో ధృవీకరింపజేస్తే చాలునంది. తన తరఫున మాట్లాడేవారి పేర్లు అందులో రాయాలి, ఒకరి కంటే ఎక్కువ మందిని కూడా రాయవచ్చు. అమలు చేసే ముందు ఆసుపత్రిలోని వైద్యుల బోర్డు, ఆపైన రెండో బోర్డు పరిశీలిస్తాయి కనుక, ఎవరో తొందరపడి పెద్దాయన ఊపిరి తీసేస్తారన్న భయానికి తావు లేదు. ఆ కాగితం చావు గురించి రాసినది అనుకుంటాం. నా దృష్టిలో అది, ఐసీయూ తలుపు బయట నిలబడిన పిల్లల మీద నుంచి మోయలేని బరువును తల్లిదండ్రులు తామే దించడం.

ఇక ఆస్తి. ఊళ్ళల్లో ఇప్పటికీ ఎక్కువగా జరిగేది ఇది: మనిషికి కాస్త బాగోలేకపోగానే "నీ చేతులతో నువ్వే రాసి ఇచ్చెయ్" అని పిల్లలు అంటారు, సబ్‌రిజిస్ట్రారు ఆఫీసుకు తీసుకువెళ్ళి సెటిల్‌మెంటు దస్తావేజు రాయిస్తారు. ఆ క్షణం నుంచి ఇల్లు ఇచ్చినవాళ్ళది కాదు. వీలునామా అయితే చనిపోయేదాకా ఆస్తి వాళ్ళదే, ఎన్నిసార్లయినా మార్చుకోవచ్చు, స్టాంపు ఖర్చు లేదు, తెల్లకాగితం మీద రాసినా చెల్లుతుంది. పెద్దవాళ్ళను చూసుకుంటున్నవాళ్ళు సెటిల్‌మెంటు అడగకూడదని, పెద్దవాళ్ళు ఇవ్వకూడదని నా గట్టి అభిప్రాయం. ఇవ్వక తప్పకపోతే, పోషణ, వైద్యం, ఆ ఇంట్లోనే ఉండే హక్కు అన్న షరతులు దస్తావేజులోనే అక్షరాలా ఉండాలి. 2007 నాటి తల్లిదండ్రుల, వయోవృద్ధుల చట్టం 23వ సెక్షన్ కింద, చూసుకుంటామన్న షరతు మీద పుచ్చుకుని చూసుకోకపోతే ఆ బదిలీని ట్రైబ్యునల్ రద్దు చేయగలదు. ఆర్డీవో ముందు అర్జీ పెట్టుకోవచ్చు. ఆ షరతు ఉందని రుజువు కావాలని సుప్రీంకోర్టు 2022 డిసెంబరులో స్పష్టం చేసింది. 2025 జనవరి 2న ఇచ్చిన మరో తీర్పులో, దానపత్రంతోపాటు కొడుకు రాసి ఇచ్చిన హామీ పత్రాన్ని చూసి, మధ్యప్రదేశ్‌లోని ఒక తల్లికి ఆమె ఆస్తి తిరిగి ఇప్పించింది. ఆ తల్లిని గట్టెక్కించింది ఆ రోజు రాసుకున్న కాగితమే. "ప్రేమాభిమానాలతో ఇస్తున్నాను" అన్న రివాజు మాట ఒక్కటే ఉన్న దస్తావేజులను మన ఇళ్ళల్లో బీరువాలు తెరిచి చూడండి, ఎన్ని దొరుకుతాయో.

వీలునామా విషయంలో, దగ్గరుండి సేవ చేసినవాళ్ళు తెలుసుకోవలసిన కఠినమైన సంగతి ఒకటి ఉంది. వీలునామా వల్ల ఎక్కువ లాభం పొందేవారే దగ్గరుండి దాన్ని రాయిస్తే, కోర్టు దాన్ని అనుమానాస్పద పరిస్థితిగా చూస్తుంది. 1958లో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు నుంచి ఈనాటిదాకా ఇదే సూత్రం. అంటే పదేళ్ళు అత్తగారికి అన్నం తినిపించి, పక్క మార్చి, పుండ్లు కడిగిన కోడలు, ఆవిడ ప్రేమతో ఇల్లు తన పేరిట రాస్తానంటే, ఆటో పిలిచి ఆఫీసుకు తీసుకువెళ్ళినందుకే అనుమానితురాలు అవుతుంది. వీలునామా లేకపోతే ఆ కోడలికి చట్టంలో దక్కేది ఏమీ లేదు. అత్తగారి ఆస్తికి కొడుకులు, కూతుళ్ళు, భర్త వారసులు గానీ కోడలు కాదు. సేవకు వారసత్వ చట్టంలో లెక్క లేదు. అందుచేత సేవ చేసేవాళ్ళు ఆ రోజు అక్కడ ఉండకూడదు. రాయించేది బయటి వకీలు అయి ఉండాలి, తెలివి బాగానే ఉందని ఆ రోజు తేదీతో డాక్టరు సర్టిఫికెట్ తీసుకోవాలి, కుదిరితే ఆ డాక్టరే ఒక సాక్షి కావాలి. సాక్షులుగా సమవయస్కులను పిలిచే అలవాటు మానుకోవాలి, ఎందుకంటే వివాదం వస్తే బతికున్న సాక్షుల్లో కనీసం ఒకరినైనా కోర్టులో విచారించవలసి ఉంటుంది. మా పెదనాన్న వీలునామాకు ఆయన పేకాట స్నేహితులు ఇద్దరు సంతకాలు చేశారు. కేసు వచ్చేనాటికి ముగ్గురూ లేరు. కదలలేని మనిషి అయితే సబ్‌రిజిస్ట్రారునే ఇంటికి పిలిపించుకునే వీలు రిజిస్ట్రేషన్ చట్టంలో ఉంది. ఫీజు కొంచెం ఎక్కువ, అంతే.

మా అమ్మ కథ చూసి మొదట కదిలింది మా పిన్ని. ఆమెకు 74 ఏళ్ళు, పిల్లలు లేరు, బాబాయి పోయి చాలాకాలమైంది. టీచరు ఉద్యోగం చేసి సొంత జీతంతో కట్టుకున్న ఇల్లు ఒకటి, పుట్టింటివారు పసుపు కుంకుమ కింద ఇచ్చిన అర ఎకరం ఒకటి ఉన్నాయి. వీలునామా లేకుండా ఆమె పోతే, హిందూ వారసత్వ చట్టం 15వ సెక్షన్ ప్రకారం తల్లిదండ్రుల నుంచి వారసత్వంగా వచ్చిన ఆస్తి అయితే తండ్రి వారసులకు తిరిగి వెళుతుంది, ఆమె స్వార్జితమైన ఇల్లూ, వారసత్వంగా కాక కానుకగా వచ్చిన ఆ అర ఎకరమూ మాత్రం భర్త వారసులకు చేరతాయి. పెళ్ళయిన మూడు నెలలకే భర్త పోగా అత్తవారు గెంటేసిన ఒక స్త్రీ, పుట్టింట్లో చదువుకుని ఉద్యోగం చేసి సంపాదించినదంతా చివరికి ఆ అత్తింటివారికే చెందుతుందని 2009లో సుప్రీంకోర్టు బరువెక్కిన మనసుతోనే తేల్చవలసి వచ్చింది, ఎందుకంటే చట్టం అలా ఉంది. పిన్నిని పదకొండేళ్ళుగా చూసుకుంటున్నది ఆమె అన్నగారి కూతురు, భర్త విడిచిపెట్టిన అమ్మాయి. ఏ లెక్కలోనూ ఆ అమ్మాయి పేరు రాదు.

పోయిన మాఘమాసంలో పిన్ని వకీలును తనే పిలిపించుకుంది. ఆ అమ్మాయిని ఆ రెండు రోజులూ మా ఇంటికి పంపించేసింది. వీలునామా, వైద్యం గురించిన కాగితం, ఉమ్మడి ఖాతా, మూడూ ఒకే వారంలో అయిపోయాయి. రిజిస్టరు అయిన రోజు సాయంత్రం వకీలుగారు కాగితాల సంగతి ఎవరికీ చెప్పవలసిన పని లేదన్నారు. పిన్ని ఒప్పుకోలేదు. మరిది కొడుక్కి తనే ఫోను చేసి, ఇల్లు ఎవరికి రాసిందో, ఎందుకు రాసిందో, చేలో సగం వాడి కూతురి చదువుకు ఎలా పెట్టిందో వివరంగా చెప్పింది. అవతలి నుంచి కాసేపు మాట లేదు. ఆ తరువాత అతను, "దొడ్డమ్మా, మోకాళ్ళ నొప్పి ఎలా ఉంది?" అని అడిగాడు.